నీళ్లోసుకున్నావా?

మిషను కాంపౌండులో దీనమ్మకిచ్చిన మంచం నంబరు తొమ్మిది. ఇనప మంచం. మంచమంటే మగవాళ్లదో బాలింతలదో అనుకుంటూ ఇరవై మూడేళ్లు బతికిన మనిషి, మొదటి మూడు రోజులు దాని పక్కన నేల మీదే చాపేసుకుని పడుకుంది. కంచానికీ తొమ్మిదే, చెంబుకీ తొమ్మిదే. నాలుగో రోజున ధైర్యం చేసి మంచమెక్కి, ఇది నాది అనుకుంది. అనుకోకుండా ఉండాల్సింది.

సాగరు డాము పని మొదలైన రెండో ఏడు అది. ఆమెది దుర్గి దగ్గర పల్లె. పెనిమిటి కృపాదానం విషజ్వరంతో పోయి మూడు నెలలైంది. కొడుకును మింగిన కోడలివని అత్త మరియమ్మ రోజుకు పదిసార్లు గుర్తుచేసేది. చూడలేక సామ్యేలు పాస్టరుగారు నరసరావుపేటకు ఇవతలున్న ఆ కాంపౌండు దొరసానమ్మకు ఉత్తరం రాసి, ఆయాల శిక్షణలో సీటు ఇప్పించారు. ఏడాదిపాటు అక్కడే ఉండి నేర్చుకోవాలి. గట్టెక్కితే ఆస్పత్రిలో ఉద్యోగం, ఉండటానికో గది. షరతు ఒక్కటే. చంకలో బిడ్డా ఉండకూడదు, కడుపులో బిడ్డా ఉండకూడదు.

దీనమ్మకు నాలుగో నెల.

పాపం, మొగుడు మంచాన పడ్డప్పుడే నెల తప్పింది. అత్తకు తెలిస్తే గడప దాటనివ్వదని, బయటచేరినట్టే రెండుసార్లు పాతగుడ్డలు ఉతికి, ముసలామె కళ్లబడేలా దండెం మీద ఆరేసింది. శిక్షణలో మొదటి మూడు నెలలు గడిస్తే పేరు పక్కా చేస్తారట. అప్పుడు బయటపడినా కాళ్లో వేళ్లో పట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆ గదిలో తనూ, తన బిడ్డా. ఇంతకుమించి ఆమె దేవుణ్ణి అడిగిందేమీ లేదు. రైక వదులు చేసుకుని, పైట నిండుగా కప్పుకుని, పొద్దున్నే వచ్చే వాంతిని గంట కొట్టకముందే గోడ వెనక కానిచ్చుకుని పదకొండు రోజులు నెట్టుకొచ్చింది.

దొరసానమ్మ చెడ్డది కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. రోజూ పొద్దున అందరినీ వరసగా నిలబెట్టి, గోళ్లూ పాపిళ్లూ చూసి, "స్నానము చేసితివా?" అని అడిగేది. ఆ పుస్తకాల తెలుగుకు పల్లెల ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆమె నొచ్చుకుని, మీ ఊళ్లలో ఎలా అంటారని వార్డెను గ్రేసమ్మను అడిగింది.

"నీళ్లోసుకోవడం అంటారమ్మగారూ," అంది గ్రేసమ్మ.

నిజమే, అంటారు. కడుపుతో ఉందని చెప్పడానికీ అదే మాట అంటారని ఆ మహాతల్లికి ఆ పూట తట్టలేదు.

పన్నెండో రోజు దొరసానమ్మ ఆ కొత్తమాటను నోట్లో పెట్టుకుని ఉత్సాహంగా వచ్చింది. వరసలో మొదట నిలబడింది దీనమ్మే. నలిగిన ఆమె కుచ్చిళ్లు సర్దబోతూ నవ్వుతూ అడిగింది.

"దీనమ్మా, నీళ్లోసుకున్నావా?"

ఇంకెవరైనా ఆఁ అని ఊరుకునేవాళ్లు. రోజూ అడిగే ప్రశ్నేగా! దీనమ్మ మాత్రం కూలబడి ఆమె కాళ్లు పట్టుకుంది.

"తప్పయిపోయిందమ్మగారూ. నాలుగో నెల. మా ఆయన బిడ్డే, దేవుడి తోడు. ఎల్లగొట్టబాకండి."

దొరసానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమన్నదని గ్రేసమ్మ వైపు తిరిగింది. గ్రేసమ్మ ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. కానీ ఇరవై మంది విన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

దొరసాని ఏడ్చింది కూడా. ప్రార్థన చేసింది, ఒక దుప్పటీ రెండు సబ్బులూ ఇచ్చింది. రూలు మాత్రం రూలే. పాస్టరుగారికి ముందు ఉత్తరం వెళ్లింది, వెనకాలే దీనమ్మ మాచర్ల రైలెక్కింది. స్నానం గురించే అడిగిందట, స్నానం గురించే, అని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఉత్తరం సంగతి అప్పటికే ఇంటికి చేరింది. మరియమ్మ వాకిట్లో పీటేసుకుని కూర్చుని ఉంది. కోడలి పొట్ట వంక చూసింది. తర్వాత దండెం వంక చూసింది. దాని మీద ఆరిన గుడ్డలు ఆమెకు బాగా గుర్తున్నాయి.

"మావోడు పోయినాక రెండు నెల్లూ నువ్వు గుడ్డలుతకటం ఈ కళ్లతో చూశా," అంది. "చెప్పవే. యాడ నీళ్లోసుకున్నావు?"

ఈసారి ఆ మాటను అర్థం చేసుకోవడంలో దీనమ్మ ఏమీ పొరబడలేదు.