వెతికిపెట్టే మనిషి

"నీకిదేం పెద్ద పనే?" అన్నారు మా ఆయన. నేను పెరట్లో కూర్చుని నెత్తళ్ళ చేపలు శుభ్రం చేస్తున్నాను. చేతులు నీసుతో నిండి ఉన్నాయి, మొహాన పడ్డ జుట్టు తోసుకోడానికి కూడా లేదు.

"బొబ్బిలి నుంచి ఒకాయన వస్తన్నాడు. గణపతిరావని, మా తాసిల్దారు గారి బామ్మర్ది. ఆయన పెళ్ళాం ఇంట్లోంచి ఎల్లిపోయింది. ఈ ఊళ్ళోనే ఉన్నాదని ఎవరో సెప్పారట. కాస్త ఎతికిపెట్టు."

దండెం మీది తువ్వాలు కనిపించకపోతే వెతికిపెట్టమన్నట్టే అడిగారు. నేను పనిచేసేది ఊళ్ళోవాళ్ళ పుట్టుకలూ చావులూ, ఇంటి పన్నులూ, ఓటర్ల పేర్లూ ఉండే మునిసిపాలిటీ రికార్డు గదిలో. పెళ్ళైన కొత్తలో ఆడదానికి ఆఫీసేమిటని అత్తగారు మూతి తిప్పేవారు. తర్వాత ఆవిడ తమ్ముడికి పుట్టిన తేదీ రుజువు కావలసి వచ్చింది. అప్పట్నుంచీ నా ఉద్యోగం ఇంటిల్లిపాదిదీ అయింది. ఆదివారం పొద్దున్నే ఈ విజయనగరంలో ఉన్న చుట్టాలూ, వాళ్ళ చుట్టాలూ మా వీధరుగు మీద కూర్చుంటారు. ఒకరికి తాత చనిపోయిన తేదీ కావాలి, ఒకరికి ఇల్లు ఎవరి పేరున ఉందో కావాలి. వాళ్ళకి టీలు నేనే పెడతాను, సోమవారం వెతికేదీ నేనే. మెచ్చుకోళ్ళు మాత్రం మా ఆయనవి. ఆ పాత కాగితాల దుమ్ముకి దగ్గు పట్టుకుని వదలడం లేదంటే, "కుర్సీలో కూకుని సేసే పనికి కూడా రోగాలేనా?" అన్నారు ఒకసారి. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోవాలని ప్రయత్నించనూ లేదు.

ఈసారి ఆయన గొంతులో మామూలు దర్జా లేదు, భయం ఉంది. అవి కొండల్లో గిరిజనుల గొడవలు మొదలైన రోజులు. తాలూకా ఆఫీసులో గుమాస్తాలని ఒక్కొక్కరినీ పార్వతీపురం అవతలికి బదిలీ చేస్తున్నారు. ఆ జాబితాలోంచి మా ఆయన పేరు తీయించాలంటే తాసిల్దారు మాట కావాలి. తాసిల్దారు మాట కావాలంటే ఆయన బామ్మర్దికి పెళ్ళాం దొరకాలి.

సాయంత్రానికి గణపతిరావు దిగాడు. తెల్లటి పంచె, మెత్తటి గొంతు. నాకోసం బెల్లం దిమ్మ తెచ్చాడు. నన్ను "అమ్మా" అని తప్ప పిలవలేదు.

"దాని పేరు గున్నమ్మ. పేరు మార్సుకునుంటాది, తెలివైంది. ఎడం సెయ్యి మోసేతి కాణ్ణుంచి మణికట్టు దాకా కాలిపోయున్నాది. పేరు మార్సుకోగలదు గానీ సెయ్యి మార్సుకోలేదు గదమ్మా."

"ఎలా కాలింది?" అని అడిగాను.

"గంజి." టీ చల్లార్చుకుంటూ చెప్పాడు. "సెప్పిన మాట ఇనకపోతే ఏటవుతాది మరి?"

మా ఆయన చిన్నగా నవ్వారు. మర్యాదకి నవ్వారని నాకు తెలుసు. అయినా నవ్వారు.

"మొదటిదీ ఇలాగే సెప్పకుండా ఎల్లిపోయింది," అన్నాడు గణపతిరావు. "దాన్ని ఎతకడానికి ఇంత కష్టపడలేదు. మా నూతిలోనే ఉన్నాది."

ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ చెయ్యి నేను చూశాను.

ఓటర్ల జాబితా సరిచేయడానికి ఆ ఎండాకాలం మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పారు. మా వైపు ఆడది మొగుడి పేరు పలకదు. అడిగితే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పక్కింటావిడని కేకేస్తుంది. లేదంటే ఏ కొండ మీది దేవుడి పేరో కనుక్కోమని నాకే పరీక్ష పెడుతుంది. నడినెత్తిన ఎండ పెట్టుకుని ఒక్కొక్క మొగుడి పేరు రాబట్టేసరికి నా ప్రాణం పోయేది. విసుక్కునే హక్కు నాకూ లేదు. ఫారం మీద రాస్తాను గాని, మా ఆయన పేరు నేనూ ఎప్పుడూ నోటితో అనలేదు. స్టేషను అవతల గోనెసంచులు కుట్టే ఒకామె మాత్రం సూది ఆపకుండా, "మరిడమ్మ. మొగుడు లక్ష్ముడు. పనికెల్లినాడు," అంది. సిగ్గుపడలేదు, తడబడలేదు. నేను రాసుకుని వచ్చేశాను. రెండిళ్ళు దాటాక ఆగిపోయాను. అది ఆమె మొగుడి పేరు కాదు. ఆ మొగుడే లేడు. అంత ఎండలోనూ ఎడమ చెయ్యి పూర్తిగా చెంగు కింద దాచుకుని ఉంది. సంచి తిప్పినప్పుడు చెంగు జారితే ముడతలు పడ్డ చర్మం కనిపించింది.

ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు, ఆఫీసు గోడకే అంటించాం. మర్నాడు గణపతిరావు వెళ్ళి మొత్తం చదివొచ్చాడు కూడా. అందులో గున్నమ్మ లేదు. ఉన్నది నా ఒక్కదాని బుర్రలోనే.

"ఆ మనిషి నాకు తగల్లేదండీ," అన్నాను.

"పర్నేదమ్మా. నాను ఈధి ఈధీ తిరుక్కుంటాను. నాకు పనేటున్నాది?"

"మా ఇంట్లోనే ఉండండి," అన్నారు మా ఆయన. నన్ను అడగలేదు.

అలా అతను మా ముందుగదిలో మకాం పెట్టాడు. పొద్దున్నే వేణ్ణీళ్ళు నేనే కాచాలి, వడ్డన నేనే చెయ్యాలి. అతను ముద్దలు కలుపుకుంటూ ఆరోజు చూసిన వీధులు చెప్పేవాడు. గంటస్తంభం వెనకాలవి అయ్యాయి. కంటోన్మెంటు వైపు అయింది. అతను ఎంత మెత్తగా చెబితే నాకు అంత భయం వేసేది. ఆ శనివారం మా ఆయన ఒక ఉపాయం చెప్పారు.

"రేపు ఆదివారమే కదా, ఈవిణ్ణి తీసుకెల్లండి. ఆడమనిషి అయితే ఇంట్లోకి పోయి సెయ్యి సూపించమనొచ్చు. స్టేషను అవతల మిగిలిపోయింది."

కూరగాయలకని సంచి పట్టుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. ఆమె గుమ్మంలోనే కుడుతోంది.

"ఏటమ్మా, మల్లీ రాసుకోడానికొచ్చినావా?"

"నీ పేరు గున్నమ్మ," అన్నాను.

సూది ఆగింది. "ఎవులు సెప్పినారు?"

"నువ్వే. మొగుడి పేరు అలా గబుక్కున ఎవరు చెబుతారు?"

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. "ఆడి పేరయితే నోట్లోంచి రాదమ్మా, ఇప్పటికీ. ఆడెక్కడున్నాడు?"

"మా ఇంట్లో."

"కూడు నువ్వే ఎడతన్నావా?"

అవునన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నానూ ఎట్టినాను. ఉప్పెక్కువైన రోజున నీకే తెలుస్తాది." మళ్ళీ సూది అందుకుంది. "నాను ఎల్లనమ్మా. ఇక్కడ పక్కింటోళ్ళు నన్ను మరిడీ అని పిలుస్తన్నారు. జొరమొస్తే గంజి తెచ్చినారు. ఇంకో ఊరెల్లి ఇంకో పేరు ఎట్టుకునే ఓపిక నాకు లేదు. ఆడొస్తే రానీ."

ఆమె చేతులు మాత్రం ఒకే చోట కుట్టిందే కుడుతున్నాయి. కదలాల్సింది ఆమె కాదని నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఇద్దరికీ వడ్డిస్తూ, "చెయ్యి కాలిన మనిషి అన్నారు కదా, ఇప్పుడు గుర్తొచ్చింది," అన్నాను. "జాబితాకని నేను వెళ్ళేసరికి మూట కట్టుకుంటోంది. కొత్తవలస నుంచి కొండల్లోకి వేస్తున్న రైలు లైను పనికి కూలీలతో పోతున్నానంది. ఊళ్ళో ఉండదు కదా అని పేరు రాసుకోలేదు."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?" మా ఆయన కంచం ముందునుంచి గొంతు పెంచారు.

"ఇల్లిల్లూ తిరిగినదాన్ని. ఎంతమంది చేతులని గుర్తుపెట్టుకోను?"

గణపతిరావు నమలడం ఆపాడు. నా మొహంలోకే చూశాడు.

"నిజమేనా అమ్మా? అయితే మీ ఆయన మీద ఒట్టెయ్యి."

మా ఆయన వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నారు, ఫొటో తీయించుకోడానికి కూర్చున్నట్టు. మొగుడి మీద దొంగ ఒట్టు వేస్తే ఏమవుతుందో నాకు చిన్నప్పుడే చెప్పారు. అది నమ్మేదాన్ని కూడా. వెళ్ళి ఆయన తలమీద అరచెయ్యి పెట్టాను.

"ఒట్టు," అన్నాను.

చెయ్యి వణకలేదు. వణకనందుకు నా మీద నాకే భయం వేసింది.

మర్నాడు పొద్దున్న అతను కొత్తవలస బండికి బయల్దేరాడు. గుమ్మం దిగుతూ, "దొరక్కపోతే మల్లీ ఇక్కడికే ఒస్తానమ్మా," అన్నాడు. "నీ సేతి వంట బావున్నాది." వీధి మలుపు తిరిగేదాకా అతని వీపు చూస్తూ నిలబడ్డాను. కొండల్లో కూలీలు చాలామంది ఉంటారు, వెతకడానికి చాలా రోజులు పడుతుంది. కానీ అతను తిరిగొస్తాడు. వచ్చి నన్నే అడుగుతాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన హాయిగా భోంచేశారు. బదిలీ గండం గట్టెక్కినట్టేనని ఆయన నమ్మకం. చారు పోసుకుంటూ నవ్వారు.

"ఆ గున్నమ్మది తెలివే, కొండల్లోకి పోయింది. నువ్వయితే ఏ మూల దాక్కున్నా ఒక్క పూటలో పట్టించేద్దును సూడు."

మామూలు హాస్యమే. ఇలాంటివి రోజూ అంటూనే ఉంటారు, నేను వినీ విననట్టు ఊరుకుంటాను. అప్పటిదాకా నా భయమంతా స్టేషను అవతలి మనిషి కోసమే అనుకున్నాను. గరిటె గిన్నెలో వదిలి ఆయన మొహం చూశాను. ఆయన నిశ్చింతగా అన్నం కలుపుకుంటున్నారు. ఈ ఊళ్ళో ఎవరు ఎక్కడున్నారో కావాలంటే ఆయనకి తెలిసిన దారి ఒక్కటే, నన్ను అడగడం.

నేను వెళ్ళిపోయిన రోజున ఈయన ఎవరిచేత వెతికిస్తారు?