పెనం, అటక

గణపతిరావు కలకత్తా నుంచి చోడవరం వచ్చింది సెలవు దొరికి కాదు, భయం పట్టుకుని. అమ్మమ్మ అచ్చియ్యమ్మకి మతిమరుపు వచ్చిందని కబురందింది. అతనికి నడక రాకముందే తల్లి రాజ్యం పోయింది. ఫొటో అయినా లేదు. ఆమె ఎలా ఉండేదో చెప్పగలిగిన మనిషి అమ్మమ్మ ఒక్కతే. కూతురి మాటెత్తితే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకునేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ గురించే అడగలేకపోయాడు అతను.

మనవణ్ణి పోల్చుకుంది గానీ, అతను అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే, "తిన్నావా బాబూ?" అంది.

సాయంత్రం ఇద్దరూ గానుగ దగ్గర కూర్చున్నారు. బెల్లం వండే పెద్ద పెనంలో చెరుకురసం కుతకుతలాడుతోంది. ఆ వాసనకే అతని చిన్నతనమంతా కళ్లముందుకొచ్చింది.

"నీ ఉజ్జోగం ఏట్రా?" అంది ఆవిడ.

"లెక్కలు కట్టే మిషనమ్మమ్మా, కంప్యూటరంటారు. దానికి మెమరీ, స్టోరేజీ అని రెండుంటాయి."

"తెలుగులో సెప్పు."

అతను అటూ ఇటూ చూసి పెనం చూపించాడు. "మెమరీ అంటే ఇదే. ఇప్పుడు కాస్తన్న రసమే ఇందులో ఉంటాది. పొయ్యారితే పాడౌతాది. మిషన్లోనూ అంతే, కరెంటు పోతే అందులోయన్నీ పోతాయి. స్టోరేజీ అంటే మనింటి అటక. దించడానికి ఆలీసం గానీ, పొయ్యారినా అక్కడి బెల్లానికేటవదు."

"అటక పెద్దది సేస్తే పెనంలో ఎక్కువ పడతాదా?"

"పడదు. దేని కొలత దానిదే."

ముసలావిడ పొయ్యిలోకి చెరుకుపిప్పి ఎగదోసింది. తన మతిమరుపు గురించి ఇంట్లోవాళ్ల గుసగుసలు ఆవిడ చెవిన పడకపోలేదు.

"అయితే నా పెనానికి సిల్లు పడ్డాదిరా. అటక బాగానే ఉంది. ఏటి కావాలో అడుగు."

"అమ్మ," అన్నాడు ఎలాగో.

కాస్త ఆలస్యమైంది. అటకెక్కి దించాలి కదా.

"ఇక్కడే నిలబడీది. నిన్ను సంకనేసుకుని సెరుకుముక్క పాకంలో ముంచీది, ఊదీది. కాల్తాదేమోనని ముందు తన నాలిక్కి ఆనించుకుని, అప్పుడు నీ నోట్లో ఎట్టీది. అంతా ఎడంసేత్తోనే. ఎంత సెప్పినా కుడిసెయ్యి వాటం రాలేదు దానికి."

గణపతిరావు తన ఎడంచేతి వంక చూసుకున్నాడు. దానితో రాసినందుకు బళ్లో తినని దెబ్బ లేదు. అది అమ్మ చెయ్యి అని తెలిసుంటే ఒక్కనాడూ ఏడ్చేవాడు కాదు.

అచ్చియ్యమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది. "నువ్వెప్పుడొచ్చేవురా బాబూ? తిన్నావా?"

"ఇప్పుడే వచ్చేనమ్మమ్మా. ఇంకా తిన్లేదు."

ఆవిడ మెల్లగా లేచి, పాకంలో ముంచడానికి చెరుకుముక్క వెతికింది.