ఉయ్యాల విరిగిన పార్కు

రేపల్లెలో సరోజినికి చీరల కొట్టు ఉంది. కొట్టు వెనక వీధిలోని పార్కు ఏళ్ల తరబడి ముళ్లకంపతో, సీసా పెంకులతో నిండి ఉండేది. మునిసిపాలిటీ చుట్టూ తిరిగి విసిగిపోయి, ఒక ఆదివారం తనే పార పట్టుకుని లోపలికి దిగింది. మరుసటి వారం ఇద్దరు తోడయ్యారు. పోనుపోను వీధి వీధంతా కదిలింది. వెల్డింగ్ షాపు పున్నారావు కూడా వచ్చాడు. గేటు, బెంచీలు, జారుడుబల్ల అతని చేతి మీదే బాగుపడ్డాయి.

వేసవి సెలవులు వచ్చేసరికి ఉయ్యాల ఒక్కటే మిగిలింది. పున్నారావు నిచ్చెనెక్కి చూసి దిగాడు.

"గొలుసులు అతికానక్కా. పై అడ్డపైపుని మాత్రం లోపల తుప్పు తినేసింది. అది మార్చేదాకా పిల్లల్ని ఎక్కనివ్వద్దు."

"మారుద్దాంలే తమ్ముడూ. పిల్లలు గేటు పట్టుకుని చూస్తున్నారు పాపం. ముందు రంగేసి తెరిచేద్దాం" అంది సరోజిని.

అతను నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రాలు పార్కు నిండిపోసాగింది. దారిలో కనపడ్డవాళ్లంతా సరోజినిని మెచ్చుకున్నారు. పైపు సంగతి ఆమె మరిచిపోలేదు. వచ్చే వారం చూద్దాం, ఆపై వారం చూద్దాం అనుకుంటూ వచ్చింది.

ఒకనాడు పిల్లలు ఊగుతుండగా ఆ పైపు మధ్యకి విరిగింది. అదే వీధిలో ఉండే మాధురి కూతురు, రెండో తరగతి చదివే సాయి సుధ, కింద పడింది. పైపు ఆ పిల్ల మోచేతి మీద పడింది. తెనాలి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు.

మర్నాడు మునిసిపాలిటీ వాళ్లు గేటుకి తాళం వేశారు. "అసలు మిమ్మల్నెవరు చెయ్యమన్నారండి?" అని సరోజినిని అడిగారు. ఊళ్లో అందరి నోటా పున్నారావు పేరే. ఊరికే చేసిన పని ఇలాగే ఏడుస్తుందన్నారు. అతని షాపుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

"మీదేం తప్పండి, వెల్డింగ్ చేసినవాడిది గానీ" అని ఎవరో సరోజినిని ఓదార్చారు. ఆ మాటకి ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. అలా కుదుటపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కొట్టు మూసి తెనాలి బస్సెక్కింది.

ఆసుపత్రి మెట్ల మీద పున్నారావు కూర్చుని ఉన్నాడు. మాధురి వాళ్లు అతన్ని లోపలికి రానివ్వలేదట. సరోజిని అతన్ని దాటి వరండాలోకి వెళ్లింది.

"మాధురీ, పైపు పాడైందని పున్నారావు ముందే చెప్పాడమ్మా. వినకుండా తెరిపించింది నేనే."

మాధురి తలెత్తి చూసింది.

"మా పిల్లకి వీధి తప్ప ఆడుకునే చోటు లేదు పిన్నిగారూ. మీరు పార్కు బాగుచేస్తే ఎంత మురిసిపోయానో! మిమ్మల్ని నమ్మే ఎక్కించాను." మాధురి మొహం తిప్పుకుంది. "వెళ్లండి. ఇప్పుడు మీ మొహం చూడలేను."

సరోజిని బయటికొచ్చేసరికి పున్నారావు లేచి నిలబడ్డాడు. మాటలు అతని చెవిన పడ్డాయి.

"ఈ మాట ఇక్కడ చెబితే సరిపోదక్కా. ఊళ్లో చెప్పండి."

ఆమె చెప్పింది. మునిసిపాలిటీ ఆఫీసులో చెప్పింది. కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పింది. కొందరు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. పున్నారావుకి పనులు నెమ్మదిగా తిరిగొచ్చాయి. సాయి సుధ చెయ్యి మాత్రం పూర్తిగా చాపడానికి రాలేదు.

వానలు పడ్డాయి. తాళం వేసిన పార్కులో గడ్డి నడుం ఎత్తు పెరిగింది. పిల్లలు మళ్లీ బస్సులు తిరిగే రోడ్డు పక్కనే ఆడుతున్నారు. ఒక పిల్లాడు లారీ కింద పడబోయి తప్పించుకున్నాడని విన్నాక, సరోజిని మునిసిపాలిటీ ఇంజనీరుని కలిసింది. పార్కు మళ్లీ బాగుచేస్తామని, ఆయన వచ్చి అన్నీ పరీక్షించి చెబితేనే గేటు తీద్దామని అంది. ఆయన ఒప్పుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి పున్నారావు షాపుకి వెళ్లింది.

"నువ్వు రాకపోతే ఆ పని అవ్వదు తమ్ముడూ."

అతను చేతిలో పని ఆపలేదు. "మళ్లీ నేను వద్దంటే ఆగుతారా?"

"ఆగుతాను."

"పిల్లలు గేటు పట్టుకుని ఏడ్చినా?"

"ఆగుతాను" అంది మళ్లీ, ఈసారి మెల్లగా.

"చూద్దాం లెండి" అని అతను వెల్డింగ్ నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.