ఎడమ భుజంలో ప్యాడ్

చర్రున అద్దం ముందు తెర రింగులు జరిగిన చప్పుడు.

“ఇక కళ్లు తెరవండి,” అంది ఫిజియోథెరపిస్టు.

తెరిచాను. నిలువుటద్దంలో ఒక మనిషి కుడివైపుకు కాస్త జరిగి, ఎడమ భుజం దించుకుని, పక్కగది మాటలు చాటుగా వింటున్నట్టు నిలబడి ఉంది. కళ్లు మూసుకున్నంతసేపూ నిటారుగానే ఉన్నానని ఒట్టేసి చెప్పగలిగిన మనిషి. నేనే.

“మీ వెన్నుకు ఆ వంపే తిన్నగా ఉన్నట్టు అలవాటైపోయింది,” అందామె. “దానికి మళ్లీ నేర్పాలి. ఎడమ పక్కటెముకల వెనక్కి ఊపిరి నింపండి.”

నింపాను. ఆరు వారాలుగా అదే సాధన. ఈ పరాయి దేశంలో మూడేళ్లుగా నాది బట్టలు సరిచేసే దుకాణంలో, కుట్టు మిషను ముందు కొలువు. సాయంత్రమయ్యేసరికి కుడి రెక్క కింద సలపరం. ఎక్స్‌రే తీస్తే వెన్ను పద్నాలుగు డిగ్రీలు పక్కకు వంగిందన్నారు. స్వల్పమే, వ్యాయామం చాలన్నారు. కాగితం మీద ఒక పొడుగాటి పేరు రాసిచ్చారు. దాన్ని మడిచి గుండీల డబ్బాలో పడేశాను. అక్కకు చెప్పలేదు. వంగిన వీపుకు మా ఇంట్లో తెలిసిన మాట ‘గూని’ ఒక్కటే. అది పేరు కాదు, వెక్కిరింత.

“చిన్నప్పుడెవరూ గమనించలేదా?” అని అడిగిందామె.

“లేదు.”

“ఎదిగే వయసులో ఇది త్వరగా పెరగొచ్చు. అప్పుడే కనిపెడితే మంచిది. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఒకసారి డాక్టరుకు చూపించమనండి.”

అక్క కూతురు, మా బుడ్డిదానికి పదకొండేళ్లు. తలూపాను. చెప్పడం మాత్రం ఈ వారం కాదు వచ్చే వారమని నెట్టుకొచ్చాను.

ఆదివారం ఉదయం, అక్క ఎప్పుడో కుట్టిన కుర్తా బిగుతైందని చేతుల దగ్గర కుట్లు విప్పుతున్నాను. ఎడమ భుజం లోపల వేలికి మెత్తగా ఏదో తగిలింది. మూడు మడతల గుడ్డ, కంటికి ఆనని చేతికుట్టు. ప్యాడ్. కుడి భుజం తడిమి చూశాను. అక్కడేమీ లేదు.

అంతలో ఫోను మోగింది. వీడియో కాల్లో అక్క. మెడలో టేపు, వెనకాల మిషను.

“ఏమే వాలుపిట్టా! లేచావా, ఇంకా గోడకి వాలే ఉన్నావా?”

చిన్నప్పటి నుంచీ నాకదే పిలుపు. ఈసారి నవ్వు రాలేదు. కుర్తా ఎత్తి చూపించాను.

“ఇదేమిటక్కా?”

“దొరికిపోయానా!” పకపకా నవ్వింది. “నీ ఏడో తరగతి నుంచీ పెడుతున్నా. నీకు ఎడమ భుజం అరంగుళం దిగుడు. చెబితే ఏడుస్తావని చెప్పలేదు. ఇన్నేళ్లలో ఒక్కరైనా కనిపెట్టారేమో చెప్పు! అదీ నా చెయ్యంటే.” టేపు సవరించుకుంది. “ఇదిగో, బుడ్డిదానిక్కూడా ఇప్పుడదే కొలత వస్తోంది. కొత్త గౌన్లో పెట్టేశాలే. దానికీ తెలీదు.”

బుడ్డిది ఆ గౌను తొడుక్కుని వెనకే గిరగిరా తిరుగుతోంది. రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. అంత చక్కటి పనితనం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

“అక్కా, దాన్ని వెనక్కి తిరిగి నిలబడమను. అరచేతులు కలిపి ముందుకు వంగమను.”

“పొద్దున్నే ఈ డ్రిల్లు మాస్టరు వేషమేమిటే?”

“ఇలాగేనా పిన్నీ?” బుడ్డిది అప్పటికే వంగింది.

“వీపు రెండు పక్కలా సమంగా ఉందా? చేత్తో చూడు.”

అక్క చూసింది. కత్తిరించబోయే గుడ్డను సరిచేసినట్టు పిల్ల వీపును అరచేత్తో నిమిరింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఆమె నవ్వు పోయింది గాని, చేతికి తగిలింది పోలేదు.

“కుడివైపు కాస్త లేచిందే,” అంది గొంతు తగ్గించి. “వద్దు, అది వింటోంది. ఆ మాట అనకు.”

“ఆ మాట కాదక్కా. నాకూ ఉంది. ఆరు వారాలుగా వ్యాయామం చేస్తున్నాను.”

“నా దగ్గర దాచావా?”

“నువ్వు దాచలేదూ?”

అక్క టేపు కొస వేలికి చుట్టుకుంది. బుడ్డిది లేచి, ఆమె చంక కిందనుంచి ఫోనులోకి తల దూర్చింది.

“ఏ మాట పిన్నీ? నాకేమైంది?”

గుండీల డబ్బా మూత తీసి, కాగితం మడత విప్పాను. ఎడమ పక్కటెముకల వెనక్కి, ముడుచుకున్న ఆ చోటంతా విచ్చుకునేదాకా ఊపిరి నింపాను.

“నాకున్నదే నీకూ కొంచెం ఉందేమోనే. అమ్మ డాక్టరుకు చూపిస్తుంది. ఉంటే ఇద్దరం కలిసి వ్యాయామం చేద్దాం,” అన్నాను. “దాని పేరు స్కోలియోసిస్.”