డ్రైవర్లు నిలవని సేటు

లారీల శంకరయ్య సేటు దగ్గర డ్రైవర్లు నిలవడం లేదని వనపర్తి మార్కెట్ యార్డు నుంచి నాగర్‌కర్నూల్ రైసు మిల్లుల దాకా అందరూ చెప్పుకుంటున్నారు. చేరినవాడు చేరినట్టే పోతున్నాడట. ఎవరో చేతబడి చేశారని ఆయన భార్య పూజలు కూడా చేయిస్తోందట. చేతబడీ లేదు, గ్రహచారమూ లేదు. ఆ పని చేస్తున్నది నేను. కడుపు నిండా అన్నం పెట్టి మరీ చేస్తున్నాను.

నా పేరు నాగమణి. పెబ్బేరు నుంచి వనపర్తి పోయే రోడ్డు మీద, పెట్రోలు బంకు దాటగానే కనిపించే రేకుల షెడ్డు హోటల్ నాదే. దానికి బోర్డు కూడా లేదు. లారీల వాళ్ళు నాగమణక్క హోటల్ అంటారు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో డ్రైవర్ల భర్తీ ఏ ఆఫీసులోనూ జరగదు, నా పొయ్యి ముందే జరుగుతుంది. బండి ఖాళీగా ఉన్న యజమాని నాకు ఫోన్ చేసి "అక్కా, మంచోడుంటే చెప్పు" అంటాడు. పని వెతుక్కునే డ్రైవరు చెయ్యి కడుక్కుంటూ "ఆ సేటు ఎట్లాంటోడక్కా?" అని అడుగుతాడు. నా మాట మీద చేరతాడు, లేదంటే చేరడు. నా మాటకు ఇంత బలం ఉందని తెలిసిన రోజున నేను చాలాకాలం తర్వాత హాయిగా నిద్రపోయాను.

దశరథం నా భర్త. గద్వాలలో పుట్టి మగ్గం మీద పెరిగిన మనిషి. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము పట్టేసి, చీర నేసేవాడి కంటే చీరల మూటలు మోసే బండి నడిపేవాడే నయమని లారీ ఎక్కాడు. అప్పట్లో డ్రైవర్ కావాలంటే ముందు క్లీనర్‌గా చేరాలి. టైర్లు మార్చాలి, ఉస్తాద్ చేత తిట్లు తినాలి, ఏళ్ళు గడిస్తే గానీ స్టీరింగ్ చేతికి రాదు. మా ఆయన అలాగే నేర్చుకున్నాడు. ఇప్పుడు క్లీనర్లే లేరు, ఇక డ్రైవర్లు ఎక్కడి నుంచి వస్తారు? కుర్రాళ్ళు హైదరాబాద్ పోయి బైకుల మీద పార్సిళ్ళు పంచుతున్నారు, లేదంటే జేసీబీ నేర్చుకుంటున్నారు. లారీ డ్రైవరంటే పిల్లనిచ్చేవాళ్ళు కూడా మొహం తిప్పుకుంటున్నారు. ఎక్కేవాళ్ళు లేకపోతే ఆ బరువంతా ఎక్కినవాళ్ళ మీదే పడుతుంది. దశరథం మీద అలాగే పడింది.

వడ్ల సీజనులో శంకరయ్య సేటు అతన్ని బియ్యం లోడుతో కాకినాడ పంపాడు. తిరిగి వచ్చీ రాగానే ఇంకో లోడు ఎక్కించాడు. బయలుదేరే ముందు దశరథం నాకు ఫోన్ చేశాడు. "కండ్లు నిలుస్తలేవు నాగీ. సేటును అడిగిన, ఒప్పుకుంటలేడు" అన్నాడు. అవే ఆఖరి మాటలు. కొత్తకోట దాటాక బండి కల్వర్టును గుద్దింది. ఆ రోజు అతనితో కలిసి అన్నం తిన్న యోసేపు, పక్క బండి డ్రైవరు, నా దగ్గరికి వచ్చి మొత్తం చెప్పాడు. మా ఆయన చాయ్ తప్ప వేరే ఏదీ తాగలేదు.

సేటు మా ఇంటి మొహం చూడలేదు. గుమస్తాను పంపాడు. ఆ గుమస్తా దండ తెచ్చి, మా అత్త ముందు కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ కొడుకు తాగి నడిపిండమ్మా. పోలీసు కాగితాల్ల ఆ మాట రాకుండ మా సేటే సూసుకున్నడు. మీ పరువు పోవద్దని. మీరు కేసులని తిరిగితే అదంత బయటవడ్తది మల్ల."

చూశారా వాడి తెలివి? కాగితాల్లో లేకపోవడమే రుజువైపోయింది. పైగా అది మా మీద దయ!

మా అత్త నమ్మింది. దశరథం మగ్గం రోజుల్లో కల్లు బాగా తాగేవాడట. ఆమె అతన్ని జములమ్మ తల్లి గుడికి తీసుకుపోయి, తల్లి గడప మీద చెయ్యి పెట్టించి, ఇక ముట్టనని ఒట్టు వేయించింది. నేను కాపురానికి వచ్చాక అతని నోట ఆ వాసన ఎరగను. కానీ ఆమె మనసులో మాత్రం ఆ భయం అలాగే ఉండిపోయింది. గుమస్తా మాట ఆ భయంలో పోయి కూర్చుంది.

"ఒట్టు దప్పిండు. తల్లి తీస్కపోయింది" అంది. మళ్ళీ కొడుకు పేరు ఎత్తలేదు. పెత్రమాస నాడు పోయినవాళ్ళ పేర్లు చెప్పి బియ్యం ఇస్తాం కదా, మా మామ పేరు చెప్పింది, తన అత్తమామల పేర్లు చెప్పింది, కొడుకు పేరు చెప్పకుండా దోసిలి మూసేసింది. నేను ఏడ్చాను, అరిచాను. యోసేపు వచ్చి ఏసు మీద ప్రమాణం చేశాడు. "నువ్వు పెండ్లానివి, ఆయన దోస్తు. మీరు గట్లనే చెప్తరు" అంది అత్త. అంతటితో ఊరుకుంటే బాగుండేది. సాయంత్రం దీపం పెట్టి "మా పరువు కాపాడిన సేటు సల్లగుండాలె" అని దండం పెట్టేది. ఆ దీవెన విన్న ప్రతిసారీ నా కడుపు భగ్గున మండేది.

ఆమె నోట ఆ దీవెన ఆగాలి, నా మొగుడి పేరు రావాలి. నాకు కావలసింది అదొక్కటే.

అత్తను గద్వాలలోనే ఉంచి ఈ రోడ్డు మీద హోటల్ పెట్టింది బతకడానికే. ఒకరోజు శంకరయ్య సేటు బండి నడిపే కుర్రాడు వచ్చి నా ముందు కూర్చున్నాడు. తిమ్మాజిపేట వైపు వాడు. ట్రాక్టరు మాత్రమే తోలినవాడిని మిల్లు యార్డులో నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పించి, స్టీరింగుకు కుంకుమ పెట్టి, నిండు లోడుతో హైవే మీదికి తోలేశాడు సేటు. సేటు నేర్పే పని అంతవరకే. పారిపోకుండా ఒరిజినల్ లైసెన్సు బీరువాలో పెట్టుకున్నాడు. ఆదివారం మటన్ మాత్రం పెడతాడు.

"లైసెన్సు యాడుంది?" అని అడిగాను.

"సేటు కాడ ఉందక్కా."

"కాళ్ళు గూడ ఆడనే పెట్టి వచ్చినవా?"

వాడు నవ్వాడు. నేను ఇంకో గరిటె పప్పు వేసి దశరథం సంగతి చెప్పాను. వాడి నవ్వు పోయింది. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లను పెట్టి, వారానికోసారి ఇంటికి పంపే యజమాని కొల్లాపూర్‌లో ఉన్నాడు, ఆయనకు అక్కడే ఫోన్ కలిపాను. లైసెన్సు బయటికి రప్పించడానికి ఏం చెప్పాలో కూడా నేనే నేర్పాను. తర్వాత కోడేరు కుర్రాడు, ఆ తర్వాత ఇంకొకడు. సేటు వెతికి తెచ్చేవాడు, యార్డులో తిప్పించేవాడు, మటన్ మేపేవాడు. ఆ కుర్రాడు నా హోటల్లో ఒక్క పూట తిని జారుకునేవాడు. సేటు గురించి నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. నిజమే చాలింది.

చివరికి ఆయనే కారులో దిగాడు. అప్పుడు చూశాను మొదటిసారి ఆ మొహం. నేనెవరో ఆయనకు తెలియదు. చావుకు వచ్చి ఉంటే తెలిసేది.

"అమ్మా, నీ చేతుల డ్రైవర్లుంటరంట గదా. నాకు జర సూడు. నేర్పిచ్చుడు నా వంతు, పోవుడు వాళ్ళ వంతు అయింది. ఏం తక్కువ జేసిన్నో తెల్వదు" అన్నాడు.

"తిను సేటు. రొట్టె సల్లారుతది" అన్నాను.

పల్లి చట్నీ బాగుందని మెచ్చుకుని ఇంకోసారి వేయించుకున్నాడు. చూస్తానని చెప్పి పంపాను. ఆ రోజంతా నాకు పండగే.

యాసంగి వడ్లు వచ్చేసరికి సేటు పని అయిపోయింది. బండ్లన్నీ యార్డులో దుమ్ము పట్టి నిలబడ్డాయి. మిల్లుల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. సేటు కూడా ఒకప్పుడు డ్రైవరే. చేసేది లేక తనే స్టీరింగ్ పట్టుకున్నాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, హోటల్ నిండా జనం ఉన్నప్పుడు, ఒక లారీ వచ్చి నా షెడ్డు గుంజను గుద్దుకుని ఆగింది. రేకులు గడగడలాడాయి. దిగింది శంకరయ్య సేటు. కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. నల్లా కింద తల పెట్టి నీళ్ళు పోసుకున్నాడు.

"కడక్ చాయ్ వొయ్యమ్మా. అర్జెంటుగ పోవాలె. నిద్రలేక సస్తున్న, ఒక్క డ్రైవరు దొరుకుతలేడు" అన్నాడు.

యోసేపు అక్కడే ఉన్నాడు. నా పక్కకు వచ్చి నెమ్మదిగా "పోనియ్యక్కా. అడ్డం పోకు. పోతే పోతడు" అన్నాడు.

నిజం చెప్పనా? నాకూ అదే అనిపించింది. ఒక చాయ్ పోసి ఊరుకుంటే చాలు, మిగతా పని రోడ్డే చూసుకుంటుంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పొయ్యి దగ్గరికి పోయి చాయ్ గిన్నె చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు మా అత్త గుర్తొచ్చింది. వీడు చస్తే ఆమె ఏం చేస్తుంది? దీపం పెట్టి, ధర్మప్రభువు పోయాడని ఏడుస్తుంది. పెత్రమాస నాడు వీడి పేరు చెప్పినా చెబుతుంది! వీడితో పాటు ఆ అబద్ధాన్ని విప్పే నోరు కూడా పోతుంది. వద్దు. అంత సుఖంగా పోనివ్వను.

పోయి లారీ ఎక్కి తాళంచెవి పీకి రొంటిన దోపుకున్నాను.

"ఏందమ్మా ఇది! లోడు ఆగుతది!"

"ఆగనీ. గాడ మంచముంది, పండుకో సేటు."

ఆయన నా మీదికి వచ్చాడు. తింటున్న డ్రైవర్లు ఎంగిలి చేతులతోనే లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు, పోయి మంచం మీద కూలబడ్డాడు. పడుకోగానే నోరు తెరుచుకుని గుర్రు పెట్టాడు. దయ అనుకోకండి. ఎదురుగా కూర్చుని సాయంత్రం దాకా కాపలా కాశాను. మొహం మీద ఈగలు వాలితే తోలలేదు.

లేచాక నీళ్ళిచ్చి చెప్పాను, "నేను దశరథం పెండ్లాన్ని."

"ఏ దశరథం?" అన్నాడు.

యోసేపు పిడికిలి బిగించి ముందుకు వచ్చాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "కొత్తకోట కల్వర్టు కాడ సచ్చిండు సూడు, గా దశరథం" అన్నాడు యోసేపు. అప్పుడు సేటు మొహంలో నెత్తురు దిగిపోయింది. కుర్రాళ్ళంతా ఎందుకు పోయారో కూడా ఆ క్షణంలోనే అర్థమైనట్టుంది. నన్నూ షెడ్డునూ మార్చి మార్చి చూశాడు.

"గుమస్తా ఏదో అన్నడు..."

"ఎవడన్నా సరే. అనిపిచ్చింది నువ్వు. వచ్చి మా అత్త ముంగట నిజం చెప్పు."

"చెప్తే డ్రైవర్లను ఇడిసిపెడ్తవా?"

"ముందు చెప్పు."

ఆ లారీలోనే గద్వాల పోయాం. యోసేపు నడిపాడు. సేటును మా మధ్యలో కూర్చోబెట్టుకున్నాం.

మేము పోయేసరికి మా అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వచ్చింది ఎవరో చెప్పగానే గబగబా లేచి, కొంగుతో కుర్చీ తుడిచి వేసింది.

"మారాజువు, నువ్వే వచ్చినవా? మా పరువు నిలవెట్టిన దేవునివి" అంటూ వంగి ఆయన కాళ్ళకు మొక్కబోయింది.

ఆయన ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"నీ కొడుకు తాగలేదమ్మా" అన్నాడు చివరికి.

"ఆఁ?"

"తాగలేదు. గుమస్తాతోని నేనే గట్ల చెప్పిచ్చిన. నిద్రల పోయిండు."

అత్త చేతిలో దారం అలాగే ఉంది. "నిద్రొస్తే పండుకోవాలె గదా?" అంది.

"అడిగిండు."

"ఏమని అడిగిండు?"

"జర పండుకొని పోత సేటు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వేమన్నవ్ సేటూ?"

"మొఖం కడుక్కొని పో అన్న."

మా అత్త ఆయన్ను అలా చూస్తూ నిలబడింది. "లే" అంది. "నా ఇంట్ల కూసోకు. లే!" ఆయన లేచి తడబడుతూ బయటికి నడిచాడు. ఆమె రాట్నం పక్కనే నేల మీద కూలబడి రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"దశరథా... ఓ కొడుకా దశరథా! ఒట్టు దప్పలేదు గదరా నువ్వు! నా నోరు వడిపోను, ఎన్నిసార్లు వానికి దీపం పెట్టిన్రా!"

ఆ పేరు ఆ ఇంట్లో వినాలని ఎంతగా ఎదురుచూశానో నాకే తెలుసు. విన్నాను. చల్లబడతాననుకున్నాను. చల్లబడలేదు. ఇన్నాళ్ళూ ఆ తల్లిని ఈ ఏడుపు కూడా ఏడవనివ్వలేదు కదా వీడు అని మంట రెట్టింపైంది.

వాకిట్లో సేటు నిలబడి ఉన్నాడు. యోసేపు తాళంచెవి ఆయన చేతిలో పడేసి పక్కకు పోయాడు. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే తలుపులు తీసి చూస్తున్నారు.

"చెప్పిన గదా చెల్లె" అన్నాడు ఆయన చిన్న గొంతుతో. "రేపు ఒక ఇద్దరినన్నా పంపు. నీకు పుణ్యముంటది."

"ఆమె ఏడుపు ఆగినంక రా."

"ఎప్పుడాగుతది?"

"తెల్వదు సేటు. నాదే ఇంకా ఆగలేదు" అన్నాను.

తలుపు వేసి, లోపలికి పోయి అత్త పక్కన కూర్చున్నాను.