అక్క వేలు తగిలితే

పొద్దున అక్క ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ఎవరి చిక్కులు వాళ్లు పట్టుకొచ్చేవారు. ఒకరిది ఇయర్‌ఫోన్ వైరు, ఇంకొకరిది ముడిపడిన మెడగొలుసు. ఆమె వేలు తగిలితే చాలు, ఎంతటి చిక్కైనా విడిపోయేది. పుట్టుకతో వచ్చిన గుణం. ఎవరూ నోరెళ్లబెట్టేవారు కాదు.

అక్కడి పనీ చిక్కులతోనే. కణం రెండయ్యేటప్పుడు అందులోని డీఎన్‌ఏ దారం మెలికలు పడుతుంది. ఒక ఎంజైమ్ ఆ దారాన్ని తెంపి, మెలిక విప్పి, మళ్లీ అతుకుతుంది. అతకనివ్వకుండా ఆ ఎంజైమ్‌ని మధ్యలో పట్టి ఉంచేదే మందు. దారం తెగి ఉండిపోతే క్యాన్సర్ కణం చస్తుంది. చిక్కల్లా, మందుకి పట్టు చాలడంలేదు. కొత్తది తయారైనప్పుడల్లా కణాల గిన్నె అక్క ముందు పెట్టేవారు. ఆమె వేలు ఆనించేది. మందు పట్టు జారేది, దారాలు అతుక్కునేవి, కణాలు నిక్షేపంగా బతికేవి.

"నీ చేతిని గెలిచిందే మందమ్మా," అనేది ప్రొఫెసరమ్మ.

క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న చెల్లెలికి ఎక్కిస్తున్నది పాత మందే, అక్క వేలికి పట్టు జారేది. అందుకే అక్క మంచం దగ్గరికి పోదు. గుమ్మంలో కుర్చీ వేసుకుంటుంది. ఒళ్లు తుడిచినా, పక్క మార్చినా అమ్మే.

"నాదేదో అంటురోగమైనట్టు అక్కడే కూర్చుంటావేంటక్కా?"

"నోరు మూసుకుని పడుకో. మందుని పనిచెయ్యనీ."

ఒక మధ్యాహ్నం అక్క వేలు ఆనించినా కణాలు చచ్చాయి. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. అక్క బ్యాగు భుజాన వేసుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

"గెలిచింది," అంది గుమ్మంలోంచే.

"నాకెప్పుడిస్తారు?"

"ముందు ఎలుకలకివ్వాలి. తర్వాత ఇంకా..."

"ఎలుకగా పుట్టినా బాగుండేది." నవ్వబోయి చెల్లెలు పళ్లు బిగబట్టింది. నొప్పి తగ్గాక అడిగింది, "మరి నాకెక్కిస్తున్న ఈ మందు గురించి డాక్టరేమన్నాడు?"

అక్క అమ్మకేసి చూసింది. అమ్మ కిటికీ వైపు తిరిగింది.

"ఇంకొన్నాళ్లు కలిసొస్తాయన్నాడు. అంతే," అంది అక్క.

"నువ్వక్కడా, నేనిక్కడా! ఎందుకక్కా ఆ నాళ్లు? నొప్పి మెలిపెట్టేస్తోంది. రా."

"మందు పోతుందే."

"పోనీ."

అక్క లేచింది. అమ్మ జరిగి చోటిచ్చింది.

చెయ్యి తగలగానే చెల్లెలి పిడికిలి ఒక్కో వేలుగా విడింది. దవడ వదులైంది. ఊపిరి నెమ్మదించి, ఎన్నాళ్లకో నిద్రపట్టింది. పైన సీసాలోంచి మందు చుక్కలు చుక్కలుగా దిగుతూనే ఉంది. ఇక దానికి చేసే పనేమీ లేదు.