కుడిచేతి స్వరం

ఇది ఆమె కోసం నేర్చుకుంటున్నానా, నా భయం కోసం నేర్చుకుంటున్నానా?

కలిదిండి అవతల, నీళ్ళు తోడేసి ఎండగట్టిన ఒక చేపల చెరువు అడుగున, పక్కకు ఒరిగి పడిన బండి దగ్గర కూర్చుని రఘురామ్ తనను తాను అడుక్కున్న ప్రశ్న ఇది. మోచేతికి అంటుకున్న నల్లమట్టి ఎండకు ఆరి చర్మాన్ని లాగుతోంది. ఎదురుగా చెరువు గట్టు. రెండు నిలువుల ఎత్తుంటుంది. పక్క చెరువులోని నీరు ఊటగా దిగడం వల్ల దాని నడుము ఇంకా తడిగానే ఉంది. ఉదయం నుంచి ఎన్నిసార్లు ఎక్కబోయినా బండి ఆ తడి దగ్గరకు వచ్చి ఆగిపోయింది, లేదా ఒక్కసారిగా ఎగిరి పక్కకు పడింది.

అతడు తాడేపల్లిగూడెంలోని ఒక డిగ్రీ కళాశాలలో తత్త్వశాస్త్రం చెబుతాడు. కాపురం ఏలూరులో, రోజూ రైల్లో వెళ్ళివస్తాడు. నలభయ్యో ఏడు దగ్గర పడేదాకా స్కూటరు తప్ప మరో బండి ఎరగడు. స్కూటరుకు క్లచ్ ఉండదు. ఇంజను బలాన్ని చక్రానికి అందించడానికీ, అందకుండా ఆపడానికీ ఎడమచేతి కింద ఒక మీట ఉంటుందనీ, మనిషి బతుకంతా దాని మీద పెట్టిన రెండు వేళ్ళ మీద ఆధారపడే సందర్భాలు ఉంటాయనీ అతడికి ఈ వేసవిలోనే తెలిసింది.

నేర్పుతున్నది అతడి భార్య స్నేహ. ఏలూరులో జూనియర్ కళాశాల పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. రాళ్ళలో, ఏటి ఇసుకలో, బురదలో బండి నడిపే ఎండ్యూరో పోటీలు ఆమెకు పెళ్ళికి ముందు నుంచీ అలవాటు. రెండేళ్ళ క్రితం అలాంటి ఒక పోటీలోనే పడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకుంది. ఆ రోజు రఘురామ్ ఫ్లాస్కు పట్టుకుని ముగింపు గీత దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె పడిన సంగతి ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అన్నాడు: "ఇంకోసారి వెళ్తే నేనూ పక్కనే ఉంటాను." ఆమె అప్పుడు నవ్వి సరే అంది. ఆ తరవాత ఏ పోటీకీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఈ చెరువుల ఆసామి నరసింహరాజు, ఎండిన చెరువుల మీదా గట్ల మీదా ఒక జంట పోటీ పెడుతున్నారు. ఇద్దరూ కలిసి బయలుదేరాలి. వెనకబడినవారి సమయమే జంట సమయం. వచ్చే ఆదివారం పోటీ. పేర్లు ఈ మధ్యాహ్నంలోగా ఖాయం చేయాలి. స్నేహ ఒకే మాట చెప్పింది: "మీరు ఈ గట్టు ఎక్కితే వెళ్దాం. ఎక్కలేకపోతే ఇద్దరం మానేద్దాం." కోపంగా చెప్పలేదు. అందుకే అతడికి ఆ మాట బరువుగా ఉంది.

"లేవండి," అంది స్నేహ బండి హ్యాండిలు అందుకుంటూ. "ఈసారి ఏం జరిగిందో చెప్పండి."

"క్లచ్ వదిలాను."

"పూర్తిగా వదిలేశారు. కొంచెం వదలమన్నాను."

"అంతకు ముందు పట్టుకున్నాను. పట్టుకోవద్దన్నావు."

"పూర్తిగా పట్టుకోవద్దన్నానండీ."

"అంటే పట్టుకుని ఉండకూడదు, వదిలి ఉండకూడదు."

"ఆఁ."

"అది ఏ స్థితి మరి?"

"బండి ముందుకెళ్ళే స్థితి," అంది స్నేహ. "ఏవండీ, మీరు పేరు పెట్టేలోపు ఇంజన్ ఆగిపోతోంది. అక్కడికి చేరాక పెట్టుకుందురు గాని."

అవునని, కాదని, రెండూ అని, రెండూ కాదని చెప్పే వాదాల గురించి అతడు ఏళ్ళ తరబడి పాఠం చెప్పాడు. నల్లబల్ల మీద ఆ నాలుగో పక్షం ఎవరినీ కింద పడేయలేదు. ఇక్కడ అదే పక్షం రెండు వేళ్ళ కింద కదులుతోంది. వేళ్ళు బిగిస్తే బలం పోతుంది. వదిలితే చక్రం పిచ్చిగా తిరిగి మట్టిని తవ్వుతుంది. ఆ రెంటి నడుమ క్లచ్ పట్టే చోటు ఒకటి ఉందట. ఉందని స్నేహ చెబుతుంది. ఆమె వేళ్ళకు తెలుసు. తన వేళ్ళకు అది దొరికినట్టే దొరికి జారిపోతోంది. తెలియడం అంటే ఏమిటో ఇంతకాలం తనకు తెలుసుననుకున్నాడు.

"యాక్సిలరేటర్ సంగతి?" అన్నాడు.

"అది కదపకండి. ఒకచోట పెట్టి మరిచిపోండి. పెంచడం, తగ్గించడం అంతా ఎడమచేత్తోనే."

"కదపడం లేదే."

స్నేహ అతడి కుడిచేతి వైపు ఒకసారి చూసింది.

గట్టు మీద నుంచి హారను వినిపించింది. సాయిదుర్గ. చేపల మేత అమ్మే కంపెనీలో సేల్స్ ఆఫీసరు. రోజూ చెరువు చెరువుకూ తిరిగే మనిషి. గట్టు దిగువకు వచ్చేటప్పుడు ఇక్కడి వాళ్ళందరిలాగే క్లచ్ పూర్తిగా నొక్కిపట్టి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి, బండితో పాటు నడుస్తున్నట్టుగా జారుతూ దిగింది.

"కాళ్ళు పెట్టకే," అంది స్నేహ. "పోటీలో అయితే మార్కులు పోతాయి."

"మార్కులు పోతే పోయాయక్కా, పళ్ళు ఉంటాయి కదా," అంది సాయిదుర్గ. రఘురామ్ వైపు తిరిగింది. "మాస్టారూ, గట్టు ఎక్కారా, ఇంకా ముందుమాటలోనే ఉన్నారా?"

"ముందుమాటలోనే."

"పెద్ద పుస్తకమేనండి."

షెడ్డు నీడలో కుర్చీ వేసుకున్న నరసింహరాజు నవ్వారు. "సాయిదుర్గగారి కాళ్ళు చూసి ఏవీ అనుకోకండి మాస్టారూ. స్నేహగారు నేర్పిన కాడ్నించీ పైకెక్కేటప్పుడు కాలు పెట్టట్లేదండి. దిగేటప్పుడే పాత బుద్ధి." ఆయన వాచీ చూసుకున్నారు. "అన్నట్టు, పేర్లు..."

"ఎక్కాక చెప్తామండీ," అంది స్నేహ.

స్నేహతో జంటగా వెళ్ళడానికి సాయిదుర్గ ఒకసారి అడిగిందని రఘురామ్‌కు తెలుసు. మా ఆయనతో మాట అయిపోయిందని స్నేహ చెప్పిందనీ తెలుసు.

అతడు మళ్ళీ బండి ఎక్కాడు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాడు, మోకాళ్ళు కొద్దిగా వంచాడు, దృష్టి గట్టు చివర నిలిపాడు. బండి కదిలింది. వాలు మొదలైంది. తడి దగ్గరకు వచ్చేసరికి ఇంజను శబ్దం దిగింది, లేచింది, మళ్ళీ దిగింది. వెనక చక్రం ఈదులాడింది. అతడు కింద ఉన్నాడు.

స్నేహ పరుగెత్తి రాలేదు. తల ఒక పక్కకు వంచి నిలబడి ఉంది.

"మరోసారి వెళ్ళండి," అంది. మరోసారి వెళ్ళి, మరోసారి పడ్డాడు.

"ఏవండీ," అంది నెమ్మదిగా, "ఎక్కేటప్పుడు మనసులో ఏం అనుకుంటున్నారు?"

అతడికి చెప్పడానికి సిగ్గేసింది. "చిన్నప్పుడు నాన్నగారు నేర్పిన వేదపాఠం. భయమేస్తే దానంతట అదే వస్తుంది."

"స్వరంతోనా?"

"స్వరం లేకుండా ఎలా వస్తుంది?"

స్నేహ పెదవి బిగబట్టింది. ఆపుకోలేక నవ్వేసింది. "రోజూ తెల్లారి మామయ్యగారి పారాయణ వింటూనే కాఫీ పెడతాను. ఈ ఇంజన్ శబ్దం ఎక్కడో విన్నట్టుందని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను. మీరు పడే ప్రతిసారీ ఒకే వరసండీ."

రఘురామ్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

అతడి తండ్రి శివరామయ్య పౌరోహిత్యం చేసేవాడు. వారి పాఠంలో స్వరం గొంతులో పలికితే చాలదు, కుడిచేయి కూడా చూపాలి. స్వరం పైకి వెళ్తే చేయి లేవాలి, దిగితే చేయి దిగాలి. చేయి తప్పితే తండ్రి పాఠం ఆపేసేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. ఆ తరవాత ఏళ్ళ తరబడి మంత్రం పైకి చదవకపోయినా, లోపల పలికినప్పుడల్లా ఆ మణికట్టు తన పని తాను చేస్తూనే ఉంది. మణికట్టు లేస్తే యాక్సిలరేటర్ మూసుకుంటుంది, దిగితే తెరుచుకుంటుంది. స్వరం ఎక్కడ పైకి వెళ్తే అక్కడ ఇంజను కిందికి పోయింది.

కదపడం లేదని చెప్పాడు. అబద్ధం చెప్పలేదు. మరి కదిపింది ఎవరు?

"మంత్రం మానేసి వెళ్ళండి," అంది స్నేహ.

మానేసి వెళ్ళాడు. లోపల ఏమీ లేకపోయేసరికి భయం ఒక్కటే మిగిలింది. కుడిచేయి గొంతు పిసికినట్టు పిడిని పిసికింది. బండి అతడిని వాలు మొదట్లోనే విసిరేసింది.

"స్వరంతో పడ్డమే మెత్తగా ఉందండి," అంది సాయిదుర్గ, బండి లేపడానికి చేయి వేస్తూ.

అతడు నవ్వలేదు. మట్టి మీద కూర్చుని ఆలోచించాడు. మంత్రాన్ని స్వరం లేకుండా చదవడం దోషమని తండ్రి మాట. అయితే ఆ తండ్రే మరో సంగతి కూడా చెప్పాడు. యజ్ఞం చేసేటప్పుడు, చేతులు పనిలో ఉన్నప్పుడు, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే శ్రుతిలో చెప్పే పద్ధతి ఒకటుంది. ఏకశ్రుతి అంటారు. అక్కడ చేయి స్వరం చూపనక్కరలేదు. అది పనికి చెందినది. ఇది యజ్ఞమా? కాదు. దీనికి ఆ వెసులుబాటును వాడుకోవడం తప్పా? తెలియదు. తన వీలుకోసం శాస్త్రాన్ని వంచుతున్నాడా, లేక శాస్త్రం మొదటిసారి తనకు అర్థమవుతోందా? అదీ తెలియదు. తెలిసేదాకా కూర్చుంటే మధ్యాహ్నం అవుతుంది.

లేచాడు.

బండి కదిలింది. అతడు పైకే చదివాడు, ఒకే శ్రుతిలో, పాఠం రాని పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టు చప్పగా. కుడిచేయి ఒకచోట ఉండిపోయింది. తడి వచ్చింది. వెనక చక్రం జారబోయింది. రెండు వేళ్ళు కొంచెం దగ్గరయ్యాయి. బలం తగ్గింది, వేళ్ళు కొంచెం వదిలాయి. ఇంజను గొంతు మారలేదు. పట్టుకోవడానికీ వదలడానికీ మధ్య ఉన్న ఆ చోటు, చోటు కాదని, వేళ్ళు నిలవకుండా చేస్తూ పోయే ఒక పని అని అతడికి అనిపించింది. అనిపించిన మరుక్షణం ముందు చక్రం గట్టు అంచు దాటి గాలిలోకి లేచి, గట్టు మీద దిగింది.

ఇంజను ఆపాడు. ఎదురుగా కొల్లేటి వైపు చెరువులు ఒకదాని వెనక ఒకటి తళతళలాడుతున్నాయి. గూడబాతులు కొన్ని నీటి మీద కదలకుండా ఉన్నాయి. సంతోషం వస్తుందేమోనని ఆగి చూశాడు. ముందు ఆశ్చర్యమే వచ్చింది.

"ఎక్కారు," అంది స్నేహ కింద నుంచి. "ఎక్కారండీ."

"మాస్టారు ముందుమాట దాటారండోయ్," అన్నారు నరసింహరాజు.

అతడు గట్టు మీద నుంచి ఆమెను చూశాడు. ఆమె చూపు మాత్రం గట్టు నడుము మీద, ఆ తడి మీద ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళు గాలిలో ముడుచుకుని విచ్చుకుంటున్నాయి. ఈ వేసవంతా ఆమె కింద నిలబడి బండి లేపింది. ఒక్కసారి కూడా తాను ఎక్కలేదు. అది అతడు ఇప్పుడు గమనించాడు.

బండిని పక్క నుంచి చుట్టు తిప్పి కిందికి తీసుకొచ్చి ఆమెకు ఇచ్చాడు. "నువ్వు ఒకసారి వెళ్ళు."

"నేనెందుకిప్పుడు?"

"చూడాలనుంది."

ఆమె ఎక్కిన తీరు అతడు ఎక్కిన తీరులాంటిది కాదు. తడి అక్కడ ఉన్నట్టే తెలియలేదు. గట్టు మీదికి చేరి, ఆగకుండా దాని పొడవునా వేగం పెంచింది. ఆమె నడుము, భుజాలు, బండి ఒకటిగా కదులుతున్నాయి. సాయిదుర్గ ఎప్పుడు బయలుదేరిందో, ఆమె వెనకే గట్టెక్కి, కాలు నేలకు ఆనించకుండానే, దగ్గరగా వెళ్తోంది. ఇద్దరూ ఒకే వేగంతో సాగారు. గట్టు మలుపు దగ్గర స్నేహ తల తిప్పి వెనక్కి చూసింది.

వెనక సాయిదుర్గ ఉంది. కాని ఆమె చూసింది సాయిదుర్గను కాదు. చెరువు అడుగున నిలబడి ఉన్న అతడిని. అలా చూసిన క్షణంలో ఆమె ముందు చక్రం అంచుకు జారింది. సర్దుకుంది. మళ్ళీ ముందుకు చూసింది.

ఆదివారం రఘురామ్ ఆమె వెనక ఉంటాడు. ప్రతి మలుపులోనూ ఆమె అలా తిరిగి చూస్తుంది. తాను పక్కన ఉంటే ఆమె క్షేమమనుకున్నాడు. పక్కన ఉండాలన్న కోరిక ప్రేమేనని ఇప్పటికీ అనుకుంటున్నాడు. కాని ఆ కోరిక ఆమె మెడను వెనక్కి తిప్పుతోంది. ఒక గంట ముందు తప్పుకుని ఉంటే అది పారిపోవడం అయ్యేది. ఇద్దరికీ అలాగే తెలిసేది. ఇప్పుడు ఎక్కగలడు. ఇప్పుడు మాత్రమే తప్పుకోగలడు.

భయం పోయిందా అని చూసుకున్నాడు. పోలేదు. ఉన్నచోటే ఉంది.

నరసింహరాజు దగ్గరకు నడిచాడు.

"రాజుగారూ, పేర్లు చెప్తాను. స్నేహ, సాయిదుర్గ."

ఆయన కళ్ళద్దాలు పైకి జరిపారు. "అదేవిటండీ. ఎక్కారు కదండీ తమరు."

"ఎక్కానండీ."

"ఆవిడ ఒప్పుకున్నారా?"

"ఇంకా అడగలేదు. పక్కనే ఉంటానని ఆవిడతో నేనన్న మాట ఉంది కదా, ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. అది నాదే కదండీ. మిగతాది ఆవిడే చెప్తుంది."

బండ్లు రెండూ తిరిగి వచ్చాయి. స్నేహ హెల్మెట్ తీసి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏం జరిగింది?"

"ఆదివారం నువ్వు వెనక్కి చూడకు," అన్నాడు రఘురామ్. "వెనకున్న మనిషి పడితే తనే లేస్తుంది. అలాంటి మనిషితో వెళ్ళు."

"అక్కని కాదు, నన్ను అడగాలి కదా మాస్టారూ," అంది సాయిదుర్గ. అంటూనే స్నేహ వైపు చూసింది.

"మరి మీరు ఎక్కడుంటారు?" అంది స్నేహ.

"తెలీదు," అన్నాడు. నిజంగానే తెలియదు.

ఆమె సాయిదుర్గ కాళ్ళకేసి చూసింది. "దానికి మోకాలి గార్డులు లేవండీ."

రఘురామ్ మట్టిలో ఒక మోకాలు ఆనించి కూర్చుని, తన కాళ్ళకున్న గార్డుల పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు.